మా ఊరి పక్కన దేశ సరిహద్దు

దేశ సరిహద్దు అనగానే మనకేం గుర్తొస్తుంది? ముళ్ళకంచె, మంచుకొండలు, తుపాకీ పట్టుకుని నిలబడ్డ జవాను, వాఘా దగ్గర పొద్దుగూకే వేళ జెండా దింపే వేడుక... అంతా ఎక్కడో ఉత్తరాన జరిగే వ్యవహారం. అలాంటి సరిహద్దు ఒకటి మైలవరం బస్టాండులో బస్సెక్కితే గంట తిరక్కముందే చేరుకునే చోట ఉండేదంటే నమ్ముతారా?

నమ్మాల్సిందే. 1947 ఆగస్టు 15 నుంచి 1948 సెప్టెంబరు 17 దాకా, దాదాపు పదమూడు నెలల పాటు మైలవరం ప్రాంతం స్వతంత్ర భారతదేశానికి ఒక అంచు. ఆ పక్కనే ఉన్న ఎర్రుపాలెం, మధిర వేరే రాజ్యం. నిజాం నవాబు మీర్ ఉస్మాన్ అలీఖాన్ తాను స్వతంత్రుణ్ణని ప్రకటించుకున్న హైదరాబాదు సంస్థానం. ఆ స్వాతంత్ర్యాన్ని భారత ప్రభుత్వం ఏనాడూ ఒప్పుకోలేదనుకోండి. కానీ పొలం గట్టు మీద నిలబడ్డ రైతుకి మాత్రం ఆ పక్క సైన్యం వేరు, నాణెం వేరు, కచేరీలో రాసే భాష వేరు.

మా నాయనమ్మ ఆ గట్టుకి అవతల పుట్టింది. ఇవతల కాపురం చేసింది. ఈ వారం కబుర్లు ఆమెవీ, ఆ గట్టువీ.

గోడ లేదు, ఏరు లేదు

ముందు ఆ నేల ఎలా ఉంటుందో చూద్దాం. ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ నుంచి వచ్చే 30వ నంబరు జాతీయ రహదారి మన ఇబ్రహీంపట్నం దగ్గర ఆగిపోతుంది. అక్కణ్నుంచి దాన్ని పట్టుకుని ఉత్తరంగా వెళ్తే జి.కొండూరు, మైలవరం, తిరువూరు వస్తాయి. అది దాటితే ఖమ్మం జిల్లా.

కృష్ణా డెల్టాలో పుట్టిన వాళ్ళకి ఈ దారి వింతగా ఉంటుంది. అక్కడ ఊరిని ఆనుకునే ఇంకో ఊరు. కాలువ గట్టు మీద నడుస్తుంటే ఒక ఊరి గుడిగంట ఆగేలోపు రెండో ఊరి గంట వినపడుతుంది. ఇక్కడ అలా కాదు. కొండపల్లి అడవి, గుట్టలు, ఎర్రనేల, మామిడితోటలు, పత్తి, మిరప. ఊరికీ ఊరికీ మధ్య మనిషి జాడ కనపడని దూరాలు. డెల్టా వాళ్ళు దీన్ని 'మెట్ట' అంటారు. పిల్లనివ్వాలంటే ఒకటికి రెండుసార్లు ఆలోచించేవారు కూడా! సూరానేని వారి జమీ, ఒకనాడు ఊరూరా మార్మోగిన 'మైలవరం కంపెనీ' నాటకాలు... పాతతరం వాళ్ళకి మైలవరం అంటే అవే.

ఇక సరిహద్దు అంటారా... ఎర్రుపాలెం వైపు గోడ లేదు, అడ్డంగా పెద్ద ఏరూ లేదు. చాలాచోట్ల ఉన్నది పొలం గట్టే. గట్టుకి ఈ పక్క పత్తి, ఆ పక్కా పత్తే. విజయవాడ నుంచి కాజీపేట వెళ్ళే రైల్లో కిటికీ పక్కన కూర్చుని చూడండి. గంగినేని స్టేషన్ దాటాక ఎర్రుపాలెం వస్తుంది. ఆ రెంటి మధ్య ఎక్కడో మీరు రాష్ట్రం మారిపోతారు. చేతిలో పల్లీల పొట్లం అయ్యేలోపే! 1889లో నిజాం రైల్వే బెజవాడ దాకా వచ్చినప్పటి నుంచీ ఆ దారి అలాగే ఉంది.

నైజాం, సర్కారు

మా నాయనమ్మకి రాష్ట్రాల పేర్లతో పనిలేదు. ఆమె లెక్కలో ఉన్నవి రెండే దేశాలు. పుట్టిల్లు 'నైజాం', అత్తిల్లు 'సర్కారు'. 1766లో ఉత్తర సర్కారుల్ని నిజాం ఇంగ్లీషువాళ్ళకి వదిలేశాడు కదా, ఆ 'సర్కారు' అన్నమాట. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా ఆమె నోట అదే మాట.

నవ్వుకోకండి. నైజాం పోయి డెబ్భై ఏళ్ళు దాటినా మనమూ దాన్ని వదల్లేదు. కొత్త సినిమా విడుదలైన మర్నాడు వసూళ్ళ వార్త చూడండి. నైజాం ఇంత, సీడెడ్ ఇంత, ఆంధ్రా ఇంత! సీడెడ్ అంటే 1800లో నిజాం ఇంగ్లీషువాళ్ళకి ధారపోసిన రాయలసీమ. రాజులు పోయారు, రాజ్యాలు పోయాయి, పంపిణీదార్ల పుస్తకాల్లో మాత్రం సరిహద్దులు పదిలంగా ఉన్నాయి.

నాయనమ్మ చిన్నప్పుడు వాళ్ళమ్మ కొంగు ముడిలో రెండు రకాల రూపాయిలు ఉండేవట. నిజాం ముద్రించిన హాలీ సిక్కా ఒకటి, ఇంగ్లీషువాళ్ళ కల్దారు ఒకటి. ఏడు హాలీ రూపాయిలకి ఆరు కల్దార్లు మారకం. మైలవరం సంతలో కొనాలంటే కల్దారు కావాలి, మధిరలో శిస్తు కట్టాలంటే హాలీ కావాలి. "నాకెప్పుడు తెలిసిందిరా ఏది ఎవళ్ళదో... మా నాన్న చేతిలో పోస్తే ఏరుకునేవాడు" అనేది. ఆ హాలీ రూపాయి 1959 దాకా చెలామణీలో ఉంది.

ఈ సరిహద్దు మీదనే పెద్ద పెద్ద మనుషులూ పుట్టారు. హైదరాబాదు స్టేట్ కాంగ్రెస్‌కి అధ్యక్షుడిగా పనిచేసి, జనం చేత 'సర్దార్' అనిపించుకున్న జమలాపురం కేశవరావు ఎర్రుపాలెం బిడ్డే. 1908లో పుట్టి, 1953లో కన్నుమూశారు. ఇక ఎర్రుపాలెం మండలంలోని జమలాపురం వెంకటేశ్వరస్వామి గుడికి మా మైలవరం వైపు నుంచి జనం వెళ్తూనే ఉంటారు. ఆ స్వామిని చూడ్డానికి ఏ కాలంలోనూ ఎవరూ 'రాష్ట్రం దాటుతున్నాం' అనుకోలేదు.

రెండు దీవులు

అసలు గమ్మత్తు ఇక్కడుంది. ఈ సరిహద్దు ఒక గీతలా ఉండేది కాదు. అటు ముక్క ఇటు, ఇటు ముక్క అటు పడి ఉండేవి.

విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్ళేటప్పుడు కంచికచర్లకి ముందు 135 అడుగుల ఆంజనేయస్వామి కనిపిస్తాడే, ఆ పరిటాల... అదీ, దాని చుట్టుపక్కల కొన్ని ఊళ్ళూ కృష్ణా జిల్లా నడిబొడ్డున ఉన్నా నిజాం సొత్తే! ఎందుకంటే అక్కడ వజ్రాల గనులు ఉండేవి. సర్కారు జిల్లాలు ఇచ్చేసినా గనులున్న ఊళ్ళను నిజాం వదులుకోలేదు. పక్కనే ఉన్న గని ఆత్కూరు పేరులోనే గని ఉంది చూడండి. వజ్రాలు ఎప్పుడో అయిపోయాయి, నిజాం ఏలుబడి మాత్రం మిగిలిపోయింది. 1947లో చుట్టూ ఊళ్ళన్నీ మువ్వన్నెల జెండా ఎగరేసి మిఠాయిలు పంచుకుంటుంటే మధ్యలో పరిటాల జనం మాత్రం నిజాం ప్రజలు. వాళ్ళు ఊరుకోలేదు. నిజాం మాకొద్దు పొమ్మని తమ పాలన తామే ప్రకటించుకున్నారు. పరిటాల రిపబ్లిక్ అని ఇప్పటికీ చెప్పుకునేది దాన్నే.

దీనికి సరిగ్గా తిరగేసిన బొమ్మ మునగాల. కోదాడ దాటాక వచ్చే మునగాల పరగణా చుట్టూ నిజాం నేల, మధ్యలో కృష్ణా జిల్లా నందిగామ తాలూకా! అక్కడి జమీందారు నాయని వెంకట రంగారావు తెలుగు పుస్తకానికి పెద్ద దిక్కు. పెనుగంచిప్రోలులో పుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు ఆయన దగ్గరే దివానుగా పనిచేశారు. హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి పుట్టడం వెనక వీళ్ళిద్దరూ ఉన్నారు. నిజాం రాజ్యంలో తెలుగు చదువుకి చోటు దొరకని రోజుల్లో, చుట్టూ నిజాం నేలే ఉన్న ఒక చిన్న పరగణా ఆ పని తలకెత్తుకుందన్నమాట. 1959లో మునగాల నల్గొండ జిల్లాలో కలిసింది.

ఇలాంటి దీవులు మనకే ప్రత్యేకం కాదు. బెంగాల్‌లో కూచ్‌బిహార్ దగ్గర భారత్, బంగ్లాదేశ్‌ల మధ్య ఇలాంటివి 162 ఉండేవి. మనవి అక్కడ 111, వాళ్ళవి ఇక్కడ 51. 2015 జులై 31 అర్ధరాత్రి రెండు దేశాలూ ఇచ్చిపుచ్చుకునేదాకా అక్కడి జనానికి ఓటూ లేదు, కరెంటు తీగా సరిగా లేదు. ఆ వార్త చదివినప్పుడు నాకు పరిటాలే గుర్తొచ్చింది.

ఎద్దుల మెడలో గంటలు

1948 వేసవికి నాయనమ్మకి పన్నెండేళ్ళు. భారత ప్రభుత్వం హైదరాబాదుకి సరుకులు ఆపేసింది. ఊళ్ళ మీద రజాకార్ల దాడులు. ఇంకోపక్క కమ్యూనిస్టుల సాయుధ పోరాటం. మధిర తాలూకా నుంచి ఎన్నో కుటుంబాలు గట్టు దాటి కృష్ణా జిల్లాకి వచ్చేశాయి. అందులో మా నాయనమ్మ వాళ్ళదీ ఒకటి.

రెండు బండ్లు కట్టారట. చప్పుడు కాకుండా ఎద్దుల మెడలో గంటలు విప్పేశారు. చంటిపిల్లాడైన తమ్ముణ్ణి ఆమె ఒళ్ళో పడుకోబెట్టి, ఏడిస్తే నోట్లో పెట్టమని బెల్లం ముక్క చేతికిచ్చారు. గాదెలో ధాన్యం గాదెలోనే, చూడి గేదె కట్టుగొయ్య దగ్గరే.

"సర్కారు దేశం ఎట్టా ఉంటదో అని రాత్రంతా కళ్ళు పొడుచుకుని చూశా. తెల్లారింది. చూస్తే మా చేను లాగానే ఉంది. అదే తుమ్మచెట్టు, అదే పాలపిట్ట. ఏడుపొచ్చింది" అనేది నాయనమ్మ.

ఏడుపెందుకో నాకు చిన్నప్పుడు అర్థమయ్యేది కాదు. ఇంత భయపడి, ఇన్ని వదులుకుని దాటింది దేన్ని? అదీ ఆమె బాధ.

సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. షోలాపూర్ వైపు నుంచి ముఖ్యమైన దళాలు, ఇటు బెజవాడ వైపు నుంచి మరికొన్ని. 17న నిజాం చేతులెత్తేశాడు. పోలీసు చర్య అన్నారు దాన్ని. ఆ దసరాకి నాయనమ్మ వాళ్ళు మళ్ళీ బండ్లు కట్టుకుని ఇంటికెళ్ళారు. ఈసారి గంటలు విప్పలేదు.

ఇల్లు కదల్లేదు

1952లో నాయనమ్మకి మైలవరం సంబంధం కుదిరింది. ఆ తర్వాత ఆమె మకాం మారలేదు. మారిందల్లా చిరునామా.

పుట్టింటి చిరునామా చూడండి. మొదట హైదరాబాదు రాష్ట్రం, వరంగల్ జిల్లా. 1953లో ఖమ్మం జిల్లా పుట్టింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్. 2014 జూన్ 2న తెలంగాణ. మెట్టినింటిదీ అంతే. మద్రాసు రాష్ట్రం, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్, 2014లో ముక్కలైన ఆంధ్రప్రదేశ్. ఆమె పోయాక 2022 ఏప్రిల్ 4న ఎన్టీఆర్ జిల్లా కూడా వచ్చింది. ఏళ్ళ తరబడి ఒకే వాకిట్లో ముగ్గు పెట్టిన మనిషి ఇన్ని ఊళ్ళు తిరిగినట్టు లెక్క!

విడిపోవడం తప్పా, కలిసి ఉండటం ఒప్పా అన్న వాదన ఇక్కడ తలకెత్తుకోవడం లేదు. తెలంగాణ వాళ్ళ కారణాలు తెలంగాణ వాళ్ళకున్నాయి, అవి చిన్నవీ కావు. కాకపోతే గీత గీసేది రాజధానిలో. దాని మీద నడిచేది ఊళ్ళో. ఆ నడిచేవాళ్ళ సంగతులు పేపర్లో పెద్దగా రావు.

ఉదాహరణకి మావయ్య మనవరాలు. నాయనమ్మ తమ్ముడి కొడుకుని మావయ్య అంటాం. ఆ పిల్ల అయిదో తరగతి దాకా అవతల వాళ్ళ ఊళ్ళోనే చదివింది. ఆరు నుంచి ఇంటర్ దాకా మైలవరంలో, మా ఇంట్లోనే ఉండి చదివింది. ఇప్పుడా పిల్ల ఎక్కడి లోకల్? ఇంజినీరింగు సీటు దగ్గర ఇంటర్‌తో ముగిసే చివరి నాలుగేళ్ళ చదువు చూస్తారు కాబట్టి ఆంధ్రాలో లోకల్. తెలంగాణలో ఉద్యోగమంటే, 2018 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఒకటి నుంచి ఏడు తరగతుల్లో నాలుగేళ్ళు చూస్తారు కాబట్టి అక్కడ లోకల్. సీటుకి ఒక రాష్ట్రం, నౌకరీకి ఇంకో రాష్ట్రం! విభజన చట్టం 95వ సెక్షన్ ఉమ్మడి ప్రవేశాలకి ఇచ్చిన పదేళ్ళ గడువు కూడా 2024 జూన్‌తో తీరిపోయింది. డెల్టా మధ్యలో ఉన్న పిల్లకి ఈ చిక్కు లేదు. గట్టు పక్కన ఉన్న పిల్లకే.

నీళ్ళ సంగతీ అంతే. 1967లో నీళ్ళు వదిలిన నాగార్జునసాగర్ ఎడమ కాలువ ఉమ్మడి నల్గొండ, ఖమ్మం జిల్లాల్ని తడిపి, చిట్టచివర మన మెట్టకి వస్తుంది. చివరి చేనుకి నీళ్ళు అందడం ఒకే రాష్ట్రంలో ఉన్నప్పుడే కష్టం. ఇప్పుడు మధ్యలో కృష్ణా బోర్డు, రెండు ప్రభుత్వాలు, లేఖలు. వానకి మాత్రం ఇవేవీ పట్టవు. 2024 ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో కురిసిన వానకి అక్కడ మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. మైలవరం కొండల్లో పుట్టిన బుడమేరు ఇక్కడ విజయవాడని ముంచింది. రెండూళ్ళ వాళ్ళూ ఒకేరోజు డాబాలెక్కారు.

30వ నంబరు రోడ్డు పట్టుకుని ఇంకా పైకెళ్తే భద్రాచలం. రాముడి గుడి తెలంగాణలో, ఆ రాముడి మాన్యాలు కొన్ని ఆంధ్రాలో చేరిన పురుషోత్తపట్నంలో. దేవుడికే తప్పనప్పుడు మనమెంత!

తుమ్మకంప

ఇక చివరి సంగతి. 2020 ఏప్రిల్. లాక్‌డౌన్. హైదరాబాదు నుంచి సొంతూళ్ళకి బయల్దేరిన వేలమంది మార్చి నెలాఖరులో జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో చిక్కుకుపోయిన వార్తలు మీరు చూసే ఉంటారు. మా వైపు చిన్నరోడ్ల మీద ఊళ్ళవాళ్ళే తుమ్మకంప అడ్డం వేసేశారు. ఆ రోజుల్లో నాయనమ్మ పోయింది. కరోనా కాదు, ఎనభై నాలుగేళ్ళ వయసు.

ఆడమనిషి పోతే పుట్టింటి బట్ట రావాలి. అది కప్పందే మా వైపు పాడె లేవదు. ఆ బట్ట తేవలసిన తమ్ముడు, బెల్లం ముక్క చప్పరిస్తూ ఆమె ఒళ్ళో పడుకుని గట్టు దాటినవాడు, కదల్లేని స్థితిలో అవతలి ఇంట్లో ఉన్నాడు. కొడుకుని పంపాడు. మావయ్య మోటారు సైకిలు మీద కంప దాకా వచ్చి ఆగాడు. ఇటు మా నాన్న. మధ్యలో ఒక కానిస్టేబులు.

దాటనివ్వడానికి వీల్లేదన్నాడు. అతని ఉద్యోగం అది, తప్పు పట్టడానికి లేదు. మావయ్య చీర మడతని రోడ్డు పక్కన రాయి మీద పెట్టి పది అడుగులు వెనక్కి జరిగాడు. నాన్న వెళ్ళి తీసుకున్నాడు. ఇద్దరూ అలా నిలబడిపోయారు. కానిస్టేబులు అటు తిరిగి మామిడిచెట్టు వైపు చూస్తూ చాలాసేపు ఇటు తిరగలేదు. తర్వాత, "పెద్దావిడ పేరేంటండీ?" అని అడిగాడట. నాన్న చెప్పాడు. టోపీ తీశాడు.

ఆ మరుసటి ఏడాది మే నెలలో మన వైపు నుంచి హైదరాబాదు ఆస్పత్రులకి బయల్దేరిన అంబులెన్సుల్ని సరిహద్దులో ఆపేసిన సంగతి తెలిసిందే. తెలంగాణ హైకోర్టు కలగజేసుకున్నాకే దారి తెరుచుకుంది. తుమ్మకంప ఏమంత బలమైంది కాదు. కానీ ఊపిరాడని మనిషికి అది చాలు.

కంప ఎప్పుడో తీసేశారు. మొన్న దసరాకి నాన్నా నేనూ అవతలికి వెళ్ళాం, తాతయ్యని చూడ్డానికి. నాయనమ్మ తమ్ముణ్ణి తాతయ్యే అంటాను. చూపు ఆనదు, మాట మాత్రం గట్టిగానే ఉంది. "ఎక్కణ్నుంచిరా?" అనడిగాడు. మైలవరం నుంచి అన్నాను.

"అక్క ఇంటి నుంచా" అన్నాడు. ఆంధ్రా నుంచా అనలేదు.